తుపాకి పట్టనన్న మనిషికి సాక్ష్యం

మావారు నలభై నాలుగేళ్ళ వయసులో, ఒక ఆదివారం పొద్దున ఇడ్లీలు తిని పక్కింటికి వెళ్ళి, గంటలో సైనికుడై తిరిగొచ్చారు. యూనిఫాం లేదు, తుపాకి లేదు, జీతం అంతకన్నా లేదు. "నేను మిలీషియా మనిషిని, తెలుసా?" అన్నారు బూట్లు విప్పుతూ. వంకాయలో పురుగు కనపడితే కత్తి అక్కడే పడేసి నన్ను కేకేసే మనిషి ఆయన. ఈ దేశ రక్షణ ఆయన చేతుల్లో పడిందని వినగానే నాకు ముందు దేశం మీద జాలేసింది.

ఇది డెబ్బైల చివర, అరిజోనాలో చాండ్లర్ అనే ఊళ్ళో జరిగింది. ఇప్పటి చాండ్లర్ చూసినవాళ్ళు నమ్మరు గానీ, అప్పట్లో మా వీధి చివర నుంచే పత్తి చేలు మొదలయ్యేవి. నల్లగొండ జిల్లా పల్లెలో పుట్టిన నేను ఇన్ని సముద్రాలు దాటొచ్చి మళ్ళీ పత్తి చేల పక్కనే కాపురం పెట్టాను. మావారు చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజినీరు, గుంటూరు వైపు మనిషి. నేను ఆస్పత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసేదాన్ని. ఆయన ఫ్యాక్టరీలో పై మెట్టు ఉద్యోగం ఒకటి ఖాళీ కాబోతోంది. అది మిలిటరీకి సరుకు చేసే విభాగం కాబట్టి, పౌరసత్వం లేనివాళ్ళకు ఇవ్వరు. గ్రీన్ కార్డులు వచ్చి ఐదేళ్ళు దాటాయి కదా, ఇద్దరం కలిసి సిటిజన్‌షిప్‌కి అప్లై చేసేద్దాం అన్నారు. సరేనన్నాను.

ఆ రోజుల్లో ఫారాలు నింపి పరీక్ష రాస్తే సరిపోయేది కాదు. మనల్ని బాగా ఎరిగిన ఇద్దరు అమెరికా పౌరులు ఆఫీసుకు వెంట వచ్చి, ఈ మనిషి మంచివాడనీ, ఈ దేశ రాజ్యాంగం మీద గౌరవం ఉన్నవాడనీ ప్రమాణం చేసి చెప్పాలి. మాకు తెలిసిన తెలుగువాళ్ళు ఫీనిక్స్ చుట్టుపక్కల నాలుగు కుటుంబాలే. వాళ్ళూ మాలాగే గ్రీన్ కార్డులవాళ్ళు. ఇక మిగిలింది పక్కింటి ముసలాయన, ఆయన భార్య.

ఆయన కాలువ పంపులు బాగుచేసే మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాడు. మనిషి తాటిచెట్టంత పొడవు, మాట కూడా అంతే పొడవు. ఆయన ఇంట్లో ముందు గదిలో అద్దాల బీరువా, అందులో తుపాకులు ఉండేవి. మన ఇళ్ళల్లో పెళ్ళికి వచ్చిన వెండి సామాను పెట్టుకున్నట్టు వరసగా, తళతళలాడుతూ. నెలకోసారి పన్నెండుమంది ముసలివాళ్ళు లైబ్రరీ వెనక గదిలో చేరి, ఈ దేశాన్ని పుట్టించిన పౌర దళాల గురించి మాట్లాడుకునేవారు. ఏటా జూలైలో మూడు మూలల టోపీలు పెట్టుకుని ఊరేగింపులో నడిచేవారు. ఆ ఎండకు ఏటా ఎవరో ఒకరు సొమ్మసిల్లి పడేవారు. మా అమ్మాయి ఆయన్ని అంకుల్ అని పిలిచేది. మనకది అలవాటు, ఆయన మాత్రం నిజంగానే చుట్టరికం కలిపామనుకుని పొంగిపోయి, దానికి ప్రతి పుట్టినరోజుకూ బహుమతి తెచ్చేవాడు.

సాక్ష్యానికి వస్తారా అని అడిగితే, "సాక్ష్యమేమిటి, పరీక్షకు పాఠాలు కూడా నేనే చెప్తాను" అన్నాడు. ఆయన మాటలన్నీ ఇంగ్లీషువే. ఇన్నేళ్ళకు నాకవి తెలుగులోనే గుర్తున్నాయి.

అలా ప్రతి ఆదివారం వాళ్ళ వంటింటి బల్ల దగ్గర మాకు బడి మొదలైంది. పదమూడు కాలనీలు, జెండా రంగులు, సెనేట్, సుప్రీం కోర్టు, అన్నీ బానే చెప్పాడు. రాజ్యాంగ సవరణల దగ్గరికి వచ్చేసరికి బండి ఆగింది. మొదటి సవరణకు అరపూట పట్టింది. రెండో సవరణకు మూడు ఆదివారాలు పట్టింది. మూడో దాన్నుంచి పదో దాని వరకు కలిపి ఒక కప్పు కాఫీ తాగేలోపు ముగిసిపోయాయి.

ఆయన చెప్పింది ఇదీ. ఈ దేశం మొదలుపెట్టినవాళ్ళకు జీతాలిచ్చి పెంచే సైన్యాలంటే భయం. రాజు చేతిలో సైన్యం ఉంటే ప్రజల గతేమిటో వాళ్ళు చూసినవాళ్ళు. అందుకని రైతులే సైనికులు. ఎవడి తుపాకి వాడి తలుపు వెనక ఉంటుంది. గంట కొడితే నాగలి వదిలి నిమిషంలో వస్తారు, పని కాగానే మళ్ళీ నాగలి పట్టుకుంటారు. ఆ దళం పేరే మిలీషియా. అది ఉండాలి కాబట్టే తుపాకి పెట్టుకునే హక్కు మనిషికి ఉంది. "ఇప్పటికీ చట్టంలో ఉంది" అంటూ ఒక లావు పుస్తకం తెరిచి చదివాడు. పదిహేడు దాటి నలభై ఐదు నిండని, ఒళ్ళు బాగున్న మగవాళ్ళందరూ మిలీషియాలో ఉన్నట్టేనట. పౌరులే కానక్కర్లేదు, పౌరులమవుతామని రాసిచ్చినవాళ్ళు కూడానట. మావారు వెంటనే నిటారుగా కూర్చున్నారు.

"మరి నేను?" అన్నాను.

"మీరు ఆడవారు, మేడమ్. మీకు మినహాయింపు."

నాకు చిర్రెత్తింది. "మా ఊళ్ళో మా నాయనమ్మకు మినహాయింపు లేదండీ" అన్నాను.

ఆయన కాఫీ కప్పు కింద పెట్టాడు. చెప్పక తప్పలేదు. పోలీసు చర్యకు ముందటి రోజుల్లో మాది పగలు ఒక భయం, పొద్దుగూకితే ఒక భయంగా బతికిన ఊరు. గుర్రాల మీద వచ్చేవాళ్ళు వచ్చి, గడ్డివాములకు నిప్పుపెట్టి, దొరికింది దోచుకుపోయేవాళ్ళు. చుట్టుపక్కల పల్లెల్లాగే మా ఊరూ దళం కట్టుకుంది. ఊరికి నాలుగు వైపులా మంచెలు వేశారు. మగవాళ్ళు వడిసెలలు పట్టుకున్నారు. ఆడవాళ్ళు గడపల దగ్గర రోకళ్ళు, కారప్పొడి పెట్టుకుని కూర్చున్నారు. మా నాయనమ్మ పిడికిట్లో కారం పట్టుకుని గోడ చాటున నిలబడితే, ఆవిడ వెనక నలుగురు మగవాళ్ళు ధైర్యంగా నిలబడేవారు. అప్పుడు నాకు ఐదారేళ్ళు. కారం దంచిన రోజు ఇంటిల్లిపాదీ తుమ్మడం నాకు ఇప్పటికీ గుర్తు.

పక్కింటాయన నోరు తెరుచుకుని విన్నాడు. "మేడమ్, మీరు మా క్లబ్బుకి వచ్చి ఈ కథ చెప్పాలి" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన దృష్టిలో నేను మిలీషియా వంశంలో పుట్టినదాన్ని. మావారు కొంచెం చిన్నబోయారు.

"తుపాకి లేదా మీ దళానికి?" అని అడిగాడు పక్కింటాయన.

"ఒకటే ఒకటి ఉండేది. అది ఊరిది, ఎవరి సొంతమూ కాదు. కాపలా వంతు ఎవరిదైతే ఆ పూట వాళ్ళ చేతిలో ఉండేది. మీలాగా బీరువాకు నాలుగు లేవు" అన్నాను. దళం అంటే పదిమంది కలిసి కట్టుబాటు పెట్టుకోవడం గానీ, ఎవడికి వాడు ఇంట్లో ఫిరంగి పెట్టుకోవడం కాదని నా వాదన. ఊరి తుపాకి ఊరి పెద్ద దాచేస్తే ఏం చేస్తారని ఆయన వాదన. మూడు ఆదివారాలు అలా గడిచాయి. ఆయన భార్య మధ్యమధ్య వచ్చి కాఫీ పోసి, "ఈసారి ఎవరు గెలిచారు?" అని అడిగి వెళ్ళేది. ఆ ఒక్క తుపాకి ఏం చేసిందో మాత్రం నేను చెప్పలేదు.

అసలు చిక్కు ఫారం నింపేటప్పుడు వచ్చింది. అందులో ఒక ప్రశ్న. చట్టం కోరితే అమెరికా తరఫున ఆయుధం పట్టడానికి మీరు సిద్ధమేనా? పక్కన రెండు గడులు, ఎస్, నో. మావారు ఎస్ గడిలో ఇంటూ గుర్తు అంత బలంగా కొట్టారు, కింది కాగితం మీద కూడా పడింది. నేను ఆ గడి వదిలేసి మిగతావన్నీ నింపాను.

"ఇది మర్చిపోయావు" అన్నారు మావారు.

"మర్చిపోలే. నో అని రాస్తా."

ఆయన కళ్ళద్దాలు తీశారు. "నీకేమన్నా మతిపోయిందా? ముప్పై ఏడేళ్ళ ఆడదానివి, నిన్ను పిలిచి చేతికి తుపాకి ఎవడిస్తాడే? ఊరికే ఒక ఎస్ పడేస్తే పోలా?"

"ఇయ్యనప్పుడు అడుగుడెందుకు? అడిగిండ్రు గద, నిజం చెప్తా. ప్రమాణం చేసి అబద్ధం చెప్పుడు నాతోని కాదు."

"నీ నిజంతో నా ఉద్యోగం పోతుంది. ఒకే ఇల్లు, ఒకే అడ్రసు, ఒకే సాక్షులు. నీ ఫైలు మీద అనుమానం వస్తే నాది పక్కన పెట్టరూ?"

ఆయన భయం ఉత్తుత్తిది కాదు. ఆ ఉద్యోగం కోసం మూడేళ్ళుగా ఎదురుచూస్తున్నారు. తన కింద పనిచేసినవాళ్ళు తన మీదికి వెళ్ళడం చూశారు. అందుకే కోపం రాలేదు నాకు, దిగులేసింది. ఆ గడి ఖాళీగానే ఉంచి ఫారం బీరువాలో పెట్టాను.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధపూజ మా ఇంట్లో తప్పదు. ఆ మధ్యాహ్నం నేను ముందు గదిలో పీట వేసి కత్తిపీట, కూరగాయల కత్తి, కత్తెర, ల్యాబ్‌లో వాడే చిన్న లెన్సు పెట్టాను. మావారు లెక్కలు కట్టుకునే తన స్లయిడ్ రూలు, స్క్రూడ్రైవర్లు, కారు తాళాలు పెట్టారు. బయట కారు టైర్ల కింద నిమ్మకాయలు రెడీ. పక్కింటివాళ్ళను భోజనానికి పిలిచాం. పిలిచింది మావారు. ఏం చెప్పి పిలిచారో నేను అడగలేదు, అదే నా పొరపాటు. "మా వాళ్ళకి ఏటా ఆయుధాలను పూజించే పండగ ఉంది. మీరూ రండి" అన్నారట.

తలుపు తీస్తే పక్కింటాయన కోటు, టై వేసుకుని, దుప్పట్లో చుట్టిన పొడుగాటి మూట రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు, పసిబిడ్డను బారసాలకు తెచ్చినట్టు. లోపల ఆయన తాతల నాటి రైఫిలు, ఒక షాట్‌గన్ను. "తూటాలు తీసేశాను, మేడమ్, రెండుసార్లు చూశాను" అన్నాడు. పాపం, నూనె రాసి తుడిచి మరీ తెచ్చాడు. వెనకే ఆయన భార్య ఆపిల్ పై అనే వాళ్ళ తీపి వంటకం తెచ్చింది. రెండో చేతిలో ఆవిడ ఆయుధం, పిండి ఒత్తుకునే కర్ర.

కర్రకు బొట్టు పెట్టాను. ఆవిడ మురిసిపోయింది. తుపాకుల దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది. పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డాను. మావారు గబగబా వచ్చి, కుంకుమ తీసుకుని రెండింటికీ తనే బొట్లు పెట్టి, "ఆవిడకి కొంచెం భయం లెండి" అన్నారు.

"భయం గాదు" అన్నాను. ఆ మాట తెలుగులో వచ్చింది. తర్వాత ఇంగ్లీషులో మిగతాదంతా చెప్పాను.

మా దళం దగ్గరున్నది మందు కూరి పేల్చే పాత బర్మారు తుపాకి. అది ఉన్నన్నాళ్ళలో ఒక్కసారే పేలింది. ఒకనాడు మునిమాపు వేళ మంచె మీద కాపలా వంతు మా నాయనది. జొన్న చేలోంచి ఎవరో వస్తున్నారు. మనవాళ్ళైతే ఈల వేయాలని కట్టుబాటు. ఈల రాలేదు. నాయన పేల్చాడు. వస్తున్నది మా చిన్నాయన, నాయనకు సొంత తమ్ముడు. తల మీద గడ్డిమోపు, నోటినిండా రేగుపళ్ళు. అందుకే ఈల వేయలేదు. మనిషి బతికాడు గానీ కాలు కుంటిదైంది. ఆ కుంటినడక చప్పుడు వింటూనే నేను పెరిగాను. చిన్నాయన మంచివాడు. ఎవరైనా అడిగితే, "మా అన్న గురి మంచిదే, మనిషే తప్పిండు" అని నవ్వించేవాడు. అందరూ నవ్వేవారు, నాయన తప్ప. బతికినన్నాళ్ళూ తమ్ముడు తినకుండా నాయన ముద్ద ముట్టలేదు. పొద్దున్నే లేచి దేవుడి కంటే ముందు తమ్ముడి కాలు చూసేవాడు. ఊరిని కాపాడినందుకు దళమంటే నాకు గర్వమే. కానీ ఆ వస్తువును నా చేత్తో పట్టుకోను, పట్టుకుంటానని కాగితం మీద కూడా రాయను.

పక్కింటాయన గోడ మీది కాలెండరు వైపు చూశాడు. అందులో అమ్మవారు, ఎనిమిది చేతులు. "మేడమ్, ఆవిడ చేతుల్లో ఒక్కటీ ఖాళీగా లేదు" అన్నాడు మెల్లగా.

"ఆవిడ దేవత. ఆవిడకు చీకట్లో ఎవరొస్తున్నదీ కనపడుతుంది" అన్నాను.

భోజనం చేశారు. పక్కింటాయన పులిహోర రెండోసారి వేయించుకోలేదు, ఆయన మనసు చెడిందని అప్పుడే నాకు అర్థమైంది. వెళ్ళేముందు ఆయన తుపాకులు దుప్పట్లో చుడుతూ అన్నాడు. "మీ ఆయన తరఫున సాక్ష్యం చెప్తాను. మీ తరఫున ప్రమాణం చేసి, రాజ్యాంగం మీద గౌరవం ఉందని చెప్పాలంటే... నేను ఆలోచించుకోవాలి. నాకు రాజ్యాంగమంటే ముందు ఆ రెండో సవరణే."

తర్వాతి ఆదివారం బడి లేదు. ఆ పై ఆదివారమూ లేదు. ముసలాయన పొద్దున పేపరు తీసుకోవడానికి బయటికి వచ్చి, నన్ను చూసి టోపీ ఎత్తి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయేవాడు. మావారు ఇంట్లో దుఃఖపడటంలో రకరకాల పద్ధతులు చూపించారు. అన్నం ముందు నిట్టూర్చారు. రేడియో తక్కువ చేసి పెట్టుకున్నారు. ఒకరోజు గుమ్మంలో నిలబడి, తుపాకులకు బొట్టు పెట్టింది తనే కదా, మొగుడు ముట్టుకుంటే పెళ్ళాం పట్టుకున్నట్టే లెక్కవుతుందేమో ఆఫీసులో అడిగి చూడమన్నారు. ఇంజినీరింగు చదివిన మనిషి!

మూడో వారం బట్టలు ఆరేస్తుంటే వెనక గోడ అవతల నుంచి పక్కింటావిడ పిలిచింది. "ఆయన మీద కోపం పెట్టుకోకు. నీకొకటి చెప్పాలి" అంది. ఆవిడ మామగారు, అంటే పక్కింటాయన నాన్న, రాగి గనుల్లో పనివాడట. ఒక సమ్మెలో ఊళ్ళోని పెద్దమనుషులూ దుకాణాలవాళ్ళూ తుపాకులు పట్టుకుని గని పనివాళ్ళ ఇళ్ళ మీద పడ్డారట. వాళ్ళూ తమది పౌర దళమనే చెప్పుకున్నారట. మామగారు ఖాళీ చేతులతో గుమ్మంలో నిలబడితే, పెళ్ళాంబిడ్డల ముందే కాలరు పట్టుకుని ఈడ్చుకెళ్ళి ఊరి బయట వదిలేశారట. మా పక్కింటాయన అప్పుడు గుమ్మంలో ఉన్న చిన్నపిల్లాడు. "ఆ బీరువాలో ఉన్నవి తుపాకులు కావు, వాళ్ళ నాన్న" అంది ఆవిడ.

బట్టలు సగం ఆరేసి లోపలికి వచ్చి కూర్చున్నాను. మా నాయన చేతిలో తుపాకి ఉన్నందుకు ఒక కాలు పోయింది. వాళ్ళ నాన్న చేతిలో లేనందుకు ఒక ఇంటి పరువు పోయింది. ఎవరి లెక్క తప్పు? నాకు తెలియలేదు, ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ఫారం బయటికి తీశాను. మావారి ముఖం గుర్తొచ్చింది. ఎస్ గడి మీద పెన్ను పెట్టాను కూడా. చాలాసేపు అలా ఉండి, పెన్ను పక్క గడికి జరిపి గుర్తు పెట్టేశాను. ఒళ్ళంతా చెమట పట్టింది. అరిజోనాలో అందుకు వేరే కారణం అక్కర్లేదనుకోండి.

ఇంటర్వ్యూ రోజు పొద్దున ఏడింటికి మా ఇంటి ముందు ఆయన పికప్ ఆగి ఉంది. ఆయన కోటులో, ఆవిడ టోపీలో. ఏం చెప్పబోతున్నాడో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఫీనిక్స్ చేరేదాకా నలుగురం పత్తి ధర గురించి మాట్లాడుకున్నాం.

మావారి ఇంటర్వ్యూ పావుగంటలో అయిపోయింది. తర్వాత నన్ను పిలిచారు. ఆఫీసరు జలుబు చేసిన కుర్రాయన. ప్రశ్నలన్నీ గబగబా అడిగి, ఆ గడి దగ్గర ఆగాడు.

"ఆయుధం పట్టరా?"

"పట్టను."

"మీ మతం వద్దంటుందా?" ఆయన గొంతులో ఆశ వినపడింది. మతమని ఒక్క మాటంటే చట్టంలో దారి ఉంది, పని త్వరగా తేలిపోతుంది.

"మా దేవుళ్ళలో ఆయుధం లేనివాళ్ళు తక్కువండీ. మతం పేరు చెప్పి తప్పించుకుంటే వాళ్ళే నవ్వుతారు" అన్నాను. మా నాయన గురించీ చిన్నాయన కాలు గురించీ చెప్పాను. "మా ఇంట్లో పొద్దున దండం పెట్టుకున్నది ఆ కాలికే. మతమంటే అది కూడా అయితే, అవును, మతమే."

ఆయన ముక్కు తుడుచుకుని చాలాసేపు రాసుకున్నాడు. "యుద్ధం వస్తే తుపాకి లేని పని ఏదైనా చేస్తారా? ఆస్పత్రిలో?"

"ఇప్పుడు చేస్తున్నది అదే కదా. ఇంకో షిఫ్టు చేస్తాను."

పక్కింటాయన్ని లోపలికి పిలిచారు. కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశాడు. ఈమెకు రాజ్యాంగం మీద గౌరవం ఉందని మీరు నమ్ముతున్నారా అని అడిగారు.

"ఉంది. రెండో సవరణ మీద మూడు ఆదివారాలు నా వంటింట్లో కూర్చుని నాతో పోట్లాడింది. గౌరవం లేనివాళ్ళు అంతసేపు పోట్లాడరు" అన్నాడు.

"ఆయుధం పట్టనంటోంది, తెలుసా?"

"తెలుసు. తప్పు చేస్తోంది. ఆ మాట ఆమెకు చెప్పాను, మళ్ళీ చెప్తాను. కానీ, సార్, ఎస్ అని అబద్ధం రాసి ఉంటే నేను ఈ కుర్చీలో కూర్చునేవాణ్ణి కాదు." నా వైపు వేలు చూపించి, "మా వీధికి ఏదైనా ఆపద వస్తే నేను ముందు తట్టేది వీళ్ళ తలుపే. పిలిచేది ఈమెనే. ఆయన్ని కాదు" అన్నాడు.

ఈ చివరి మాట నేను మావారికి చెప్పకుండా ఉండాల్సింది. పదేళ్ళ పాటు తలుచుకుని తలుచుకుని నొచ్చుకున్నారు.

కొన్ని నెలలకు కోర్టు హాల్లో అందరితో కలిసి ప్రమాణం చేశాం. ఆయుధం మాట వచ్చేచోట నాకు వేరే వాక్యం రాసిచ్చారు. ఆ మాట దగ్గర మావారు నా వంతు కూడా కలిపి పైకి అరిచారు. తర్వాత పదకొండో రోజున ఆయనకు నలభై ఐదేళ్ళు నిండాయి. దేశానికి ఒక్క ఈగను కూడా చంపిపెట్టకుండా మిలీషియా నుంచి గౌరవంగా రిటైరయ్యారు. పాయసం చేశాను. ఉద్యోగం కూడా ఆయనకే వచ్చింది.

ఆదివారాల బడి మళ్ళీ మొదలైంది, ఈసారి పరీక్ష ఏదీ లేకుండానే. ఎనభైలంతా అలాగే గడిచాయి. టీవీలో ఎక్కడ కాల్పుల వార్త వచ్చినా నేను గోడ దగ్గరికి వెళ్ళేదాన్ని. ఎక్కడ తుపాకుల మీద కొత్త చట్టం మాట వచ్చినా ఆయన వచ్చేవాడు. హక్కు దళానిదని నేను, దళమంటే మనుషులే కదా అని ఆయన. ఒక్క అంగుళం ఎవరూ జరగలేదు. పత్తి చేలు పోయి ఇళ్ళు వచ్చాయి, మా అమ్మాయి కాలేజీకి వెళ్ళింది, పక్కింటావిడ ఒక శీతాకాలంలో కన్నుమూసింది. ఆవిడ పోయాక ఆయన మాట పొట్టిదైపోయింది. ఆదివారం కాఫీ పోస్తే అలాగే చల్లారిపోయేది.

ఒకరోజు పొద్దున నేను పనికి బయలుదేరుతుంటే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. చేతిలో చిన్న ఇత్తడి తాళంచెవి.

"బీరువాది. మీ దగ్గర ఉంచండి" అన్నాడు.

"మీ క్లబ్బులో అంతమంది ఉన్నారు కదా?"

"నేను తిరిగి అడిగితే వాళ్ళు ఇచ్చేస్తారు." నేల చూస్తూ అన్నాడు. "ఈ మధ్య సాయంత్రాలు నా మీద నాకు నమ్మకం ఉండటం లేదు, మేడమ్. నేను వచ్చి అడిగినా ఇవ్వకండి."

తాళంచెవి తీసుకున్నాను, ఆయన చేతిని మాత్రం నేను వదల్లేదు. ఆ పూట పనికి వెళ్ళలేదు. డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆ తర్వాత రోజూ సాయంత్రం ఆయన భోజనం మా ఇంట్లోనే. మావారు తలుపు తీసి, "రండి, పోట్లాటకు మనిషి ఎదురుచూస్తోంది" అనేవారు.

అలా ఇంకో నాలుగేళ్ళు బతికాడు. చివరి వారం దాకా రెండో సవరణ మీద నాతో వాదిస్తూనే ఉన్నాడు. తాళంచెవి మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు.